ఉత్తరాన గోడ ఉన్న సముద్రం

(హిందూ మహాసముద్రం మీద ఇచ్చిన ప్రసంగానికి రాత రూపం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టేముందు ఒక చిన్న పని చేస్తాను. ఈ గాజు జాడీలో సగం దాకా ఉప్పునీళ్లు ఉన్నాయి. ఉప్పు బాగా కలిపాను, రంగేమీ వేయలేదు. ఈ గ్లాసులో ఉన్నవి మామూలు మంచినీళ్లు. గుర్తుపట్టడానికి వీటిలో ఎర్ర రంగు కలిపాను. ఇప్పుడు చెంచా మీదుగా మెల్లగా, చాలా మెల్లగా పోస్తున్నాను. చూశారా? ఎర్రనీళ్లు కిందికి దిగలేదు. పైన పొరలా నిలబడిపోయాయి. వెనక వరసలో ఉన్నవాళ్లకి కనిపిస్తోందా? సరే. జాడీ ఈ బల్ల మీదే ఉంటుంది. ఎవరూ కదపకండి. దీని దగ్గరికి మళ్లీ వద్దాం.

ఇప్పుడు కళ్లు మూసుకుని ప్రపంచ పటం ఊహించుకోండి. పసిఫిక్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉంది? పైన బేరింగ్ జలసంధి నుంచి కింద అంటార్కిటికా వైపు దాకా. అట్లాంటిక్? అదీ అంతే, పైన ఆర్కిటిక్ మంచు దాకా వెళ్తుంది. మరి హిందూ మహాసముద్రం? కింద చల్లటి దక్షిణ సముద్రంతో కలిసే ఉంది. పైకి వచ్చేసరికి ఏమైంది? ఆగిపోయింది. అరేబియా సముద్రం దాదాపు 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అయిపోతుంది. పర్షియన్ గల్ఫ్ కొస దాకా లెక్కేసినా 30 డిగ్రీలే. అక్కడి నుంచి పైకి భూమి. ఆ భూమి మీద హిమాలయాలు, వాటి వెనక టిబెట్ పీఠభూమి.

అంటే ఈ సముద్రానికి ఉత్తర ధ్రువంతో పరిచయం లేదు. సుమారు 7 కోట్ల చదరపు కిలోమీటర్ల సముద్రం, భూమి మీద మూడో పెద్దది. దానికి ఉత్తరాన తలుపు లేదు, గోడ ఉంది. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటే. గాలులు, ప్రవాహాలు, తుపాన్లు, అడుగున పేరుకున్న ఒండ్రు, ఆఖరికి భూకంపాలు కూడా, దేన్ని పట్టుకుని లాగినా రెండో చివర ఆ గోడకే కట్టి ఉంటుంది.

ఇంతకీ ఆ గోడ ఎవరు కట్టారు? ఈ సముద్రమే కట్టుకుంది. ఈ విషయం మొదటిసారి అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన భారత భూభాగం అంటార్కిటికాను అంటిపెట్టుకుని ఉండేది. అక్కడి నుంచి విడివడింది. మధ్యలో చీలిక పడి, ఆ చీలికలోంచి లావా ఉబికి వచ్చి, గడ్డకట్టి కొత్త సముద్రపు అడుగు తయారవుతూ వచ్చింది. అడుగు పెరిగేకొద్దీ భారతదేశం పైకి, ఉత్తరానికి జరిగింది. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ విడిపోయింది. ఆ తర్వాత వేగం పెరిగింది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లు దాటింది. 15 సెంటీమీటర్లంటే, ఇదిగో, ఇంత, నా జానెడు లేదు. ఇదేం వేగం అనుకోకండి. ఒక ఖండం జరగాల్సిన తీరుకి ఇది పరుగు కింద లెక్క. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట వెళ్లి ఆసియాను గుద్దుకుంది. ఆ గుద్దుకోవడంలో మధ్యలో ఉన్న పాత సముద్రం, టెథిస్ అంటారు దాన్ని, అది మూసుకుపోయి, దాని అడుగున పేరుకున్న రాళ్లు నలిగి, ముడుచుకుని పైకి లేచాయి. ఎవరెస్టు కొన మీద ఉన్నది సున్నపురాయి. అందులో సముద్ర జీవుల శిలాజాలు ఉన్నాయి. ప్రపంచంలోకెల్లా ఎత్తైన చోటు ఒకప్పటి సముద్రపు అడుగు!

ఈ ప్రయాణం గుర్తులు ఇంకా సముద్రంలో ఉన్నాయి, చెరిగిపోలేదు. దారిలో రాలిపడిన ముక్క ఒకటుంది, సీషెల్స్. సముద్రం మధ్యలో ఉండే దీవులు మామూలుగా అయితే అగ్నిపర్వతాలు, లేకపోతే పగడాలు. సీషెల్స్‌లో పెద్ద దీవులు మాత్రం గ్రానైట్. సుమారు 75 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్! సముద్రం నడిబొడ్డున ఆ రాయికి ఏం పని? అది ఖండం ముక్క. భారతదేశం ఉత్తరానికి వెళ్తుంటే మధ్యలో తెగి అక్కడే ఉండిపోయింది. ఆ దీవుల్లో ఒక తాటిజాతి చెట్టు ఉంది, కోకో డి మేర్. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద విత్తనం దానిదే. వెనకటి రోజుల్లో ఆ ఖాళీ కాయలు కొట్టుకొచ్చి మాల్దీవుల ఒడ్డున పడేవి. చెట్టు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సముద్రం అడుగున పెరుగుతుందని నమ్మేవారు. అందుకే దాని శాస్త్రీయ నామంలో ఇప్పటికీ మాల్దీవుల పేరే ఉంది, చెట్టు ఉన్నది మాత్రం సీషెల్స్‌లో.

ఇంకో గుర్తు. భూమి లోపల ఒకచోట నిప్పుల పొయ్యి లాంటి వేడి కేంద్రం ఉందనుకోండి, పైన ప్లేటు, అంటే ఖండాల్నీ సముద్రపు అడుగునీ మోసే భూమి పైపొర పలక, కదులుతుంటే ఏమవుతుంది? కొవ్వొత్తి మీద కాగితం జరిపినట్టు వరసగా మచ్చలు పడతాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట అలాంటి వేడి మీదుగా భారతదేశం వెళ్లినప్పుడు దక్కన్ లావా పొరలు పరుచుకున్నాయి. ఆ తర్వాత మచ్చలు సముద్రంలో పడ్డాయి. లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ కింద ఉన్న గట్టు అదే. ఆపైన మారిషస్, చివరకి రీయూనియన్. రీయూనియన్‌లోని పితోన్ ద లా ఫోర్నేజ్ అగ్నిపర్వతం ఇప్పటికీ తరచూ బద్దలవుతూ ఉంటుంది. మహారాష్ట్రలో కనిపించే ఆ నల్లరాయికీ, ఈ దీవిలో ఇవాళ పారుతున్న లావాకీ పొయ్యి ఒకటే.

తూర్పున మరో గీత ఉంది. 90 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట, స్కేలు పెట్టి గీసినట్టు, సుమారు 5,000 కిలోమీటర్లు. నైంటీ ఈస్ట్ రిడ్జ్ అంటారు. అదీ ఇలాంటిదే, కెర్గ్యులెన్ అనే వేడి కేంద్రం గీసింది. ఉత్తరం కొసన రాళ్లు సుమారు 8 కోట్ల ఏళ్లవి, దక్షిణం కొసన సుమారు 4 కోట్ల ఏళ్లవి. నీళ్లన్నీ తోడేసి చూడగలిగితే భారతదేశం నడిచొచ్చిన దారి కళ్ల ముందు ఉంటుంది. 1967లో మేరీ థార్ప్, బ్రూస్ హీజెన్ కలిసి తయారు చేసిన హిందూ మహాసముద్రపు అడుగు పటం అచ్చైంది. దొరికితే తప్పకుండా చూడండి. అందులో తలకిందులైన వై అక్షరంలా మూడు పర్వతశ్రేణులు రోడ్రిగ్స్ దీవికి ఆగ్నేయంగా కలుస్తాయి. ఇప్పటికీ సముద్రం అక్కడే తెరుచుకుంటోంది.

గాలి తిరిగితే నీరూ తిరుగుతుంది

సరే, గోడ లేచింది. లేస్తే ఏమైంది? గాలి మారింది. వేసవిలో ఆసియా భూభాగం కాగుతుంది, సముద్రం అంత త్వరగా కాగదు. హిమాలయాలు ఉత్తరం నుంచి వచ్చే చల్లటి పొడిగాలిని అడ్డుకుంటాయి. దాంతో దక్షిణార్ధగోళంలో వీచే గాలులు భూమధ్యరేఖ దాటి మరీ ఇటు వస్తాయి. ఆఫ్రికా ఎత్తైన భూములకు తగిలి, సోమాలియా తీరం వెంట సన్నటి జోరుగాలిగా మారి, అరేబియా సముద్రం మీదుగా మన వైపు తిరుగుతాయి. అదే నైరుతి. చలికాలంలో అంతా తలకిందులు. భూమి చల్లబడుతుంది, గాలి భూమి మీంచి సముద్రం మీదికి వీస్తుంది. ఈశాన్యం. అరబ్బీలో మౌసిమ్ అంటే రుతువు. మాన్సూన్ అన్న మాట అక్కడిదే. మన రుతుపవనం కూడా అదే అర్థం కదా!

నావికులకి ఇది ఎప్పుడో తెలుసు. మొదటి శతాబ్దపు గ్రీకు పుస్తకం పెరిప్లస్‌లో, హిప్పాలస్ అనే నావికుడు తీరం వదిలి నడిసముద్రంలోంచి నేరుగా దాటే దారి కనిపెట్టాడని రాసి ఉంది. ఎర్ర సముద్రం నుంచి జూలైలో బయల్దేరితే గాలే భారతదేశం చేరుస్తుంది. చలికాలం దాకా ఆగితే అదే గాలి వెనక్కి తీసుకెళ్తుంది. తెరచాప పడవకి ఇంతకంటే ఏం కావాలి?

గాలి తిరగడం వరకు అందరికీ తెలిసిందే. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది దాని తర్వాతది. సముద్రం కూడా తిరుగుతుంది! అట్లాంటిక్‌లో గల్ఫ్ స్ట్రీమ్ ఉంది, ఏడాది పొడుగునా ఒకే వైపు. పసిఫిక్‌లో కురోషియో, అదీ ఒకే వైపు. సోమాలియా తీరం వెంట పారే ప్రవాహం మాత్రం నైరుతి కాలంలో ఈశాన్యానికి పారుతుంది, చలికాలంలో వెనక్కి తిరిగి దక్షిణానికి పారుతుంది. అంత పెద్ద ప్రవాహం అలా ఆగి, వెనక్కి తిరగడం ఒక్కసారి ఊహించుకోండి. వేసవిలో దాని వేగం సెకనుకి 2 మీటర్లు దాటుతుంది. గట్టున మనం దాంతో సమానంగా వెళ్లాలంటే నడక చాలదు, పరుగందుకోవాలి. ఆ సమయంలో పైనీళ్లు తీరం నుంచి పక్కకి జరిగిపోతాయి, అడుగునీళ్లు పైకి వస్తాయి. నడివేసవిలో, భూమధ్యరేఖకి అంత దగ్గరలో, నీటి ఉష్ణోగ్రత కొన్నిచోట్ల 20 డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. ఆ అడుగునీళ్లతో పోషకాలు వస్తాయి, నాచు పెరుగుతుంది, చేపలు వస్తాయి.

భూమధ్యరేఖ దగ్గర కూడా ఈ సముద్రం దారి వేరు. మిగతా రెండు పెద్ద సముద్రాల్లో అక్కడ గాలి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. ఇక్కడ అలాంటి నిలకడైన గాలి లేదు. రుతువులు మారే రెండు సమయాల్లో, వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి, పడమటి గాలి నీళ్లని తూర్పుకి తోస్తుంది. 1973లో క్లాస్ విర్ట్‌కీ అనే సముద్ర శాస్త్రవేత్త దీన్ని వివరించాడు, ఈ ప్రవాహానికి ఆయన పేరే పెట్టారు. దాంతో వెచ్చటి నీళ్లు సుమత్రా వైపు పోగుపడతాయి. కొన్నేళ్లు ఇది తప్పుతుంది. సుమత్రా వైపు చల్లబడి ఆఫ్రికా వైపు వేడెక్కుతుంది. 1999లో శాస్త్రవేత్తలు దీనికి ఇండియన్ ఓషన్ డైపోల్ అని పేరు పెట్టారు. 2019లో అది బాగా తీవ్రంగా వచ్చింది. ఆ ఏడాది తూర్పు ఆఫ్రికాలో వరదలు, ఆస్ట్రేలియాలో కరువు, కార్చిచ్చులు.

జాడీలో నీళ్లు

ఇప్పుడు మన జాడీ. చూడండి, ఇంకా అలాగే ఉంది.

గోడ అడ్డం రావడంతో ఈ సముద్రం ఉత్తర భాగం రెండు ముక్కలైంది, మధ్యలో భారతదేశం. రెండూ ఒకే అక్షాంశాల్లో ఉన్నాయి, ఒకే ఎండ, ఒకే రుతుపవనం. అయినా రెండూ రెండు రకాల నీళ్లు. అరేబియా సముద్రం చుట్టూ ఎడారులు. వచ్చే నీటికంటే ఆవిరయ్యేది ఎక్కువ, కాబట్టి ఉప్పెక్కువ. బంగాళాఖాతానికి గోడ నుంచి నీళ్లు దిగుతాయి: గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి. ఇటు మహానది, గోదావరి, కృష్ణ. పైన వాన. కిలో నీటికి అరేబియా సముద్రంలో సుమారు 36 గ్రాముల ఉప్పు ఉంటే, ఉత్తర బంగాళాఖాతంలో వానాకాలం తర్వాత 30 కంటే కిందికి వస్తుంది.

ఈ తేలికపాటి నీళ్లు ఏం చేస్తాయి? ఈ ఎర్రనీళ్లలాగే పైన నిలబడతాయి. ఇదిగో, జాడీ పైన మెల్లగా ఊదుతున్నాను. పైపొర కదిలింది, కింద పొర కదల్లేదు. సముద్రం మీద గాలి వీచినా అంతే, కింది చల్లనీళ్లు సులభంగా పైకి కలవవు. ఎండ వేడంతా ఆ పల్చటి పైపొరలోనే ఉండిపోతుంది. 28 డిగ్రీలు దాటిన నీళ్లు నెలల తరబడి అలా పరుచుకుని ఉంటాయి. తుపానుకి కావలసిన మేత అదే. చాలాకాలంగా ఉన్న లెక్క ప్రకారం అరేబియా సముద్రంలో ఒక తుపాను పుడితే బంగాళాఖాతంలో సుమారు నాలుగు పుడతాయి. పైగా ఉత్తరానికి పోయేకొద్దీ బంగాళాఖాతం గరాటులా ఇరుకవుతుంది, లోతు తగ్గుతుంది. తుపాను తోసుకొచ్చిన నీటికి పక్కకి పోయే దారి లేదు, ఉప్పెనగా ఊళ్ల మీదికి ఎక్కుతుంది. 1970 నవంబరులో ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో కనీసం 3 లక్షల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పది వేల మందికి పైగా. ఈ అంకెలు చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ తొందరపడను. ఒక్క క్షణం ఆగుతాను.

అరేబియా సముద్రానిది ఇంకో కథ. అట్లాంటిక్‌కి ఉత్తరాన చలి ఉంది. అక్కడ పైనీళ్లు చల్లబడి, బరువెక్కి, గాలిలోంచి తెచ్చుకున్న ఆక్సిజన్‌తో సహా అడుగుకి దిగుతాయి. ఒకరకంగా సముద్రం ఊపిరి తీసుకోవడమే అది. ఇక్కడ ఉత్తరాన చలి సముద్రమే లేదు, గోడ ఉంది కదా! కొత్తగా ఊపిరి పోసేవాళ్లు లేరు. పైన నాచు విపరీతంగా పెరుగుతుంది, చచ్చి కిందికి రాలుతుంది, కుళ్లేటప్పుడు ఉన్న ఆక్సిజన్ కాస్తా వాడేసుకుంటుంది. అందుకే సుమారు 150 మీటర్ల లోతు నుంచి 1,000 మీటర్లు దాటేదాకా ఆక్సిజన్ దాదాపు లేని నీళ్లు ఉన్నాయి. ప్రపంచంలో ఇంత మందమైనవి చాలా తక్కువ. అయినా ఆ చీకట్లోనూ లాంతరు చేపలు ఉన్నాయి. ఒంటి మీద చిన్న చిన్న దీపాలతో పగలంతా ఆ నీళ్లలో దాక్కుంటాయి, రాత్రికి పైకి వచ్చి తింటాయి. వాటిని వేటాడే చేపలు చాలావరకు అంత లోతుకి వచ్చి బతకలేవు. ఊపిరాడని చోటే వాటికి కోట.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1950 నుంచి ఈ సముద్రం పైనీళ్లు సుమారు ఒక డిగ్రీ వేడెక్కాయి. ఉష్ణమండల సముద్రాల్లో ఇది వేగంగా వేడెక్కుతున్నది. ఇండోనేషియా దీవుల సందుల్లోంచి పసిఫిక్ వెచ్చనీళ్లు ఇందులోకి వస్తూనే ఉంటాయి, సెకనుకి సుమారు కోటిన్నర ఘనపు మీటర్లు. ఆ వేడి ఉత్తరానికి పోలేదు. దక్షిణంగానే, ఆఫ్రికా కొస చుట్టూ అగుల్హాస్ ప్రవాహం దాకా వెళ్లాలి. మాల్దీవుల్లో సుమారు 1,200 దీవులు ఉన్నాయి, సహజంగా ఉన్న అతి ఎత్తైన చోటు రెండున్నర మీటర్లు లేదు. అటోల్ అన్న మాట ప్రపంచానికి ఇచ్చింది ఆ దేశపు దివేహి భాషే. నీళ్లు వేడెక్కిన ప్రతిసారీ ఆ దీవులకి పునాది అయిన పగడాలు తెల్లబడుతున్నాయి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇక అడుగుకి దిగుదాం. గోడ నుంచి నీళ్లే కాదు, గోడ కూడా దిగుతోంది. గంగ, బ్రహ్మపుత్ర ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల ఒండ్రు తెస్తాయి. అది డెల్టా దగ్గర ఆగిపోదు. అక్కడ సముద్రం అడుగున ఒక పెద్ద లోయ ఉంది. గుండుకట్టిన తాడు వేస్తే అడుగు తగలలేదని పాత సర్వేయర్లు దానికి స్వాచ్ ఆఫ్ నో గ్రౌండ్ అని పేరు పెట్టారు. ఆ లోయలోంచి బురద కిందికి దొర్లుతుంది. దొర్లి ఎక్కడి దాకా వెళ్తుంది? సుమారు 3,000 కిలోమీటర్లు. శ్రీలంక దాటి, భూమధ్యరేఖ కూడా దాటి. ప్రపంచంలో ఇంత పెద్ద ఒండ్రు మేట సముద్రంలో ఇంకెక్కడా లేదు. ఉత్తరాన దాని మందం 16 కిలోమీటర్లు దాటుతుంది. ఎవరెస్టు ఎత్తు 9 కిలోమీటర్లు కూడా లేదు, గుర్తుంచుకోండి.

2015లో జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక 8 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట ఏడు చోట్ల ఈ మేటలోకి గొట్టాలు దించింది. పైకి తీసిన మట్టి బూడిద రంగులో ఉంటుంది, అందులో అభ్రకం రేకులు. వేళ్ల మధ్య నలిపితే మెరుస్తాయి. సముద్రంలో అభ్రకం ఎక్కడిది? హిమాలయాలదే. ఒకప్పుడు సముద్రపు అడుగు కొండగా లేచింది, ఇప్పుడు కొండ రేకు రేకుగా ఊడి మళ్లీ సముద్రపు అడుగు అవుతోంది.

చివరిగా భూకంపాల సంగతి. భారతదేశం ఇంకా ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు జరుగుతూనే ఉంది. తూర్పున సుమత్రా, జావా పక్కన సముద్రపు అడుగు కిందికి వంగి లోపలికి దూరిపోతోంది. అక్కడి కందకం లోతు 7 కిలోమీటర్లు దాటుతుంది. 2004 డిసెంబరు 26న అక్కడే సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున నేల తెగింది. తీవ్రత 9.1. రెండు గంటల్లో సునామీ మన తూర్పు తీరం చేరింది. మొత్తం సుమారు 2,30,000 మంది పోయారు. పసిఫిక్‌కి 1949 నుంచే హెచ్చరిక కేంద్రం ఉంది, ఈ సముద్రానికి ఆ రోజు లేదు. రెండు గంటలు! ఆ రెండు గంటల్లో ఎంతమందిని ఒడ్డు నుంచి దూరం చేయొచ్చో ఆలోచించండి. 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో, అంటే సముద్ర సమాచారం అందించే మన జాతీయ సంస్థలో, సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది.

ఇంకో భూకంపం గురించి తక్కువమందికి తెలుసు. 2012 ఏప్రిల్ 11. తీవ్రత 8.6, రెండు గంటల తర్వాత ఇంకొకటి 8.2. ఇవి కందకం దగ్గర రాలేదు. దానికి పడమరగా, ప్లేటు మధ్యలో వచ్చాయి. నేల పైకి లేవకుండా పక్కకి జరిగింది కాబట్టి పెద్ద సునామీ రాలేదు. ప్లేటు మధ్యలో ఇంత పెద్ద భూకంపం ఎందుకు? ముందు భాగం గోడకి ఆనుకుని వేగం తగ్గింది, ఆస్ట్రేలియా వైపు భాగం తన దారిన తాను పోతోంది. మధ్యలో ప్లేటు తట్టుకోలేకపోతోంది. శ్రీలంకకి దక్షిణాన సముద్రపు అడుగు చాపని రెండువైపుల నుంచీ నెట్టినట్టు ముడతలు పడి ఉంది. కోట్ల ఏళ్లుగా ఒకటిగా ఉన్న ప్లేటు అక్కడ రెండుగా విడిపోతోంది. ఆ హద్దు గీత ఇంకా పూర్తిగా ఏర్పడలేదు, ఇప్పటికీ ఏర్పడుతూనే ఉంది.

ప్రశ్నలు ఉంటే అడగండి, సమయం ఉంది. అడిగేవాళ్లు ముందుకు వచ్చేటప్పుడు జాడీ చూసి వెళ్లండి. ఇంతసేపైనా ఎర్ర పొర అంచు కొద్దిగా మసకబారిందే తప్ప కిందికి దిగలేదు. ఊదాలనుకుంటే ఊదండి. బల్లని మాత్రం తగలకండి.